విండోస్ మారితే మన తెలుగు ఫైళ్ల సంగతి?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. చాలా ఇళ్లలో 11కి మారుతున్నారు. టీపీఎం 2.0 లేని పాత కంప్యూటరైతే మైక్రోసాఫ్ట్ ఒప్పుకోదు.

సెటప్‌లో ఏమేం ఉంచాలో ఎంచుకోవచ్చు. ఫైళ్లూ, అప్లికేషన్లూ రెండూ ఉంచమనండి. అప్పుడు సెట్టింగులూ ఉంటాయి; మా ఇంట్లోలాగా తమిళం, తెలుగు కీబోర్డులు రెండూ వాడేవాళ్లకి మళ్లీ పెట్టుకునే పని తప్పుతుంది. ఫైళ్లు మాత్రమే అంటే మిగతావి పోతాయి.

అసలు చిక్కు పాత తెలుగు ఫైళ్లతోనే. మా అవ్వ పాడిన పెళ్లిపాటలు అమ్మ ఎప్పుడో అను ఫాంట్లలో టైప్ చేసి పెట్టింది. అవ్వ ఇప్పుడు లేదు. యూనికోడ్ కాని ఆ ఫైళ్లలో కంప్యూటరుకి తెలిసేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. వాటిని తెలుగులా చూపించేది ఫాంటు. ఆ ఫాంటు ఉండేదేమో విండోస్ ఫోల్డర్లో. సి డ్రైవు తుడిచి కొత్తగా వేయించామనుకోండి, డి డ్రైవులో ఫైలు భద్రంగానే ఉంటుంది, తెరిస్తే పిచ్చిరాతలు! "డేటా అంతా ఉంది మేడమ్" అంటారు షాపువాళ్లు. ఉంది, నిజమే. చదవలేం, అంతే.

అందుకే ముందుగా ఫైళ్లతోపాటు ఫాంట్లని కూడా పెన్‌డ్రైవులోకి ఎక్కించండి. ఒక పీడీఎఫ్ కూడా చేసి పెట్టుకుంటే ఇంకా మేలు, ఫాంటు సాధారణంగా అందులోనే ఇమిడిపోతుంది. మారిన రోజే ఒక పాత ఫైలు తెరిచి చూడండి. తేడా కనిపిస్తే పది రోజుల్లోపు సెట్టింగుల్లోని రికవరీ నుంచి పాత విండోస్‌కి వెనక్కి రావచ్చు.