వ్రాతలో దిద్దుబాటు: దోషము, వికల్పము, మాండలికము

వ్రాతకు ప్రమాణము కావలెనా వలదా అను ప్రశ్నకు సమాధానము కష్టము కాదు. ఒకరు వ్రాసినది పదిమంది చదువవలెనన్న, ఆ పదిమందికిని తెలిసిన కట్టుబాటు కొంత ఉండక తప్పదు. కష్టమైన ప్రశ్న వేరొకటి కలదు. ఆ కట్టుబాటును నిర్ణయించువా రెవరు? దానిని అతిక్రమించిన వ్రాతను ఎవరు, ఎంతవరకు, ఏ ఆధారముతో దిద్దవలెను? ఒక్క సంపాదకుని పర్యవేక్షణమున వెలువడు గ్రంథములందు ఈ ప్రశ్న అంతగా తలయెత్తదు. ఒకరి వ్రాత నొకరు చదువుచు, ఒకరి నొకరు దిద్దుకొనుచు మెలగు సమాజములందే ఇది తీవ్రమగును. సాహిత్య సమితులు, పత్రికల పాఠకలోకము, విశ్వవిద్యాలయములలోని పరిశోధక వర్గము మొదలైనవన్నియు అట్టి సమాజములే. అట్టి వానిలో దిద్దుబాటు ఎట్లు జరుగుచున్నది, ఎట్లు జరుగవలెను అను విషయమును ఆధునిక రచనాభాషా చరిత్ర ఆధారముగా విచారించుటయే ఈ వ్యాసమున ఉద్దేశము.

1. లక్షణ గ్రంథము, రచయితల లక్ష్యము

వ్యాకరణమున లక్ష్యము ముందు, లక్షణము వెనుక అని మన పెద్దలు అంగీకరించిన మాట. ఐనను పాఠశాలలలో లక్షణమే ముందు నిలిచి, లక్ష్యమును శాసింపసాగినది. 1858లో పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణమును ప్రకటించెను. సంజ్ఞా పరిచ్ఛేదము మొదలు ప్రకీర్ణకము వరకు పది పరిచ్ఛేదములలో ఆయన సూత్రీకరించిన విధానము అసామాన్యమైనది. కాని ఆయన కావ్యములలోని రూపములనన్నింటిని గ్రహింపలేదు. కొన్నింటిని ప్రమాణముగా స్వీకరించి, కొన్నింటిని విడిచెను. విడిచిన వానిలో పెక్కింటిని చేర్చుటకు బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణమును రచింపవలసి వచ్చినది. దానికి త్రిలింగ లక్షణ శేషము అను నామాంతరము ఉండుటయే గమనింపదగినది. శేషము మిగిలినదన్న, తొలి లక్షణము సమగ్రము కాలేదనియే కదా అర్థము.

ఇరువదవ శతాబ్దారంభమున నడచిన గ్రాంథిక వ్యావహారిక వివాదమును సాధారణముగా రెండు భాషల మధ్య కలహముగా వర్ణింతురు. దానిని దిద్దుబాటును గూర్చిన వివాదముగా చూచిన మరికొంత తేటపడును. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడినది. 1913లో జయంతి రామయ్య పంతులు గ్రాంథిక భాషను సమర్థించుచు, గిడుగు రామమూర్తి పంతులు ఆధునిక భాషను సమర్థించుచు వేర్వేరు గ్రంథములను ఆంగ్లమున ప్రకటించిరి. 1914లో గురజాడ అప్పారావు మద్రాసు విశ్వవిద్యాలయమునకు తన అసమ్మతి పత్రమును సమర్పించెను.

ఈ వివాదమున గిడుగువారు అనుసరించిన పద్ధతి మనకు ముఖ్యము. వ్యావహారికము మధురమైనదని వాదించుటతో ఆయన తృప్తి పడలేదు. ఇతరుల వ్రాతను తప్పుపట్టు పండితుల వ్రాతనే ఎదుట పెట్టుకొని, వారు తామే ప్రమాణముగా చెప్పుకొను సూత్రములను ఎక్కడెక్కడ అతిక్రమించిరో ఉదాహరణలతో చూపెను. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము’ అట్టి పరిశీలన ఫలమే. ‘బాలకవి శరణ్యము’లో, వైయాకరణులు నిషేధించిన రూపములు ప్రాచీన కవుల ప్రయోగములందే కలవని నిరూపించెను. ఈ రెండును కలిపి చూచిన, దిద్దువారు అనుసరింపని నియమము నిజమైన కట్టుబాటు కాదనియు, పూర్వులు వాడిన రూపము సూత్రమున లేనంత మాత్రమున తప్పు కాదనియు తేలును.

రామయ్య పంతులుగారి పక్షమునందును న్యాయము లేకపోలేదు. ఎవరి పలుకుబడి వారు వ్రాసినచో ఒక మండలమువారి రచన మరియొక మండలమువారికి అందదని, నిలుకడగల రూపము లేనిచో ముందుతరములవారికి పూర్వగ్రంథములు దూరమగునని ఆ పక్షమువారు శంకించిరి. ఆ శంక నేటికిని తోసిపుచ్చదగినది కాదు. కాని దానికి సమాధానము ప్రతి భేదమును దోషముగా ఎంచుట కాదు.

2. శాసనము లేకయే స్థిరపడిన మార్పులు

కట్టుబాటు సూత్రము వలననే ఏర్పడునని భావించువారు లేఖన చరిత్రను పరిశీలింపవలెను. రేఫము తరువాత హల్లును ద్విత్వముగా వ్రాయుట పూర్వము పరిపాటి. ధర్మ్మము, కార్య్యము అను లేఖనము అట్టిది. నేడు దానిని వ్రాయువారు లేరు. హల్లునకు కుడివైపున నిలిచి రేఫమును సూచించిన వలపలగిలక ముద్రిత గ్రంథములలో చాలకాలము నిలిచి, క్రమముగా మాయమైనది. దంత్య చ, జలను తెలుపుటకు ఆ అక్షరములపై ఉంచిన గుర్తులును నిఘంటువులకే పరిమితమైనవి.

అరసున్న, బండి ఱ అను వాని కథ ఇంకను ఆసక్తికరము. ఏడు అనగా సంఖ్య, ఏఁడు అనగా సంవత్సరము. కరి అనగా ఏనుగు, కఱి అనగా నలుపు. ఇట్టి అర్థభేదమును చూపి ఆ వర్ణములను కాపాడవలెనని పండితులు చాలకాలము బోధించిరి. ఉచ్చారణలో ఆ భేదము నశించినందున రచయితలు వానిని విడిచిరి. పాఠకులకు సందర్భమే అర్థమును తెలుపుచున్నది. ఇందు ఏ ప్రభుత్వ శాసనమును, ఏ వ్యాకరణ సూత్రమును కారణము కాదు. ముద్రాపకుడు, సంపాదకుడు, రచయిత, పాఠకుడు ఒకరి వెంట నొకరు విడువగా ఆ విడుపే క్రొత్త కట్టుబాటైనది.

సంధి విషయమునను ఇట్లే జరిగినది. హ్రస్వమైన ఉకారమునకు అచ్చు పరమైనప్పుడు సంధి నిత్యమని బాలవ్యాకరణ మతము. వాడెక్కడ అనుటకు మారుగా నేటి వచనమున వాడు ఎక్కడ అని విడదీసి వ్రాయుట సర్వసాధారణము. ప్రథమ మీది పరుషములకు గసడదవాదేశము సంభాషణానువాదమున గాని పద్యమున గాని తప్ప కనబడదు. పదములు విడివిడిగా కనబడిన చదువు సుకరమగునని పత్రికలవారు ఎంచిరి, పాఠకులు అంగీకరించిరి. నేటి విద్యార్థి విసంధిగా వ్రాసిన వాక్యమును దోషమని కొట్టివేయువారు ఒక శతాబ్దపు లక్ష్యమును కొట్టివేయుచున్నారని గ్రహింపవలెను.

3. మూడు విధములైన భేదములు

వ్రాతలో కనబడు భేదములను మూడు వర్గములుగా విభజింపవచ్చును.

మొదటిది దోషము. ఇది అర్థమును చెరచునది, లేక వాక్యాన్వయమును భంగపరచునది, లేక ఏ వర్గమువారి పలుకుబడియందును ఆధారము లేనిది. అర్థము అనవలసినచోట అర్ధము అని వ్రాసిన, భావము పోయి సగము మిగులును. బాధను భాద అనియు, విద్యను విధ్య అనియు వ్రాయుటకు ఏ ప్రాంతపు ఉచ్చారణమును, ఏ పూర్వప్రయోగమును సమర్థన మీయదు. వాక్యమునకు వచ్చిన, ‘అధ్యక్షుడు వచ్చి సభ ప్రారంభమైనది’ అనుట అన్వయదోషము. వచ్చి అను క్త్వార్థకమునకును సమాపక క్రియకును కర్త ఒక్కటియే కావలెను. కావున ‘అధ్యక్షుడు వచ్చి సభను ప్రారంభించెను’ అనియో, ‘అధ్యక్షుడు వచ్చిన తరువాత సభ ప్రారంభమైనది’ అనియో ఉండవలెను. ఇచ్చటను జాగ్రత్త కావలెను. ‘వాన కురిసి చెరువు నిండినది’ అను వాక్యమున కర్తలు వేరైనను, మొదటి క్రియ రెండవదానికి కారణమగుటచే తెలుగువారెల్లరు దానిని సహజముగా పలుకుదురు. సూత్రమును మాత్రమే ఎరిగినవాడు ఈ రెండవ వాక్యమును కూడ దిద్దబోవును. భాషను ఎరిగినవాడు దిద్దడు.

రెండవది వికల్పము. వ్రాయు, రాయు, చేసికొన్నాడు, చేసుకొన్నాడు, చేసుకున్నాడు, పుస్తకము, పుస్తకం, గూర్చి, గురించి అనునవి ఇట్టివి. వీనిలో ఏది వ్రాసినను పాఠకునకు అర్థభంగము లేదు, ప్రతి రూపమునకును విస్తారమైన లక్ష్యము కలదు. ఇందు వచ్చాడు, వచ్చేడు అను జంట విశేషముగా పరిశీలింపదగినది. కోస్తా మండలముల పలుకుబడిలో ఈ క్రియయందలి దీర్ఘస్వరము ఆకారమును కాదు, ఏకారమును కాదు. ఆ రెంటికి నడుమనున్న స్వరము. మన వర్ణమాలలో దానికి ప్రత్యేకమైన లిపి లేదు. అందుచే కొందరు ఆత్వముతోను, కొందరు ఏత్వముతోను వ్రాసిరి. ఉత్తర కోస్తా రచయితలలో ఏత్వము ఎక్కువగా కనబడును. కాలక్రమమున ఆత్వము అధికవ్యాప్తి పొందినది. దానికి కారణము అది ఉచ్చారణకు మరింత దగ్గరగా ఉండుట కాదు, ఎక్కువమంది వ్రాయుటయే. కావున ఏత్వముతో వ్రాసిన పూర్వరచయితను పునర్ముద్రణమున దిద్దుట, ఆ రచయిత చెవికి వినబడిన స్వరమునకు సాక్ష్యమును చెరిపివేయుట యగును.

మూడవది మాండలికము. రాయలసీమలో వచ్చినాడు, కోస్తాలో వచ్చాడు, తెలంగాణమున వచ్చిండు అందురు. ఈ మూడును వచ్చినాఁడు అను ప్రాచీన రూపమునకు సంబంధించినవే. ఒకదానియందు మూలరూపము దాదాపు అట్లే నిలిచినది; మరియొకదానియందు నడిమి నకారము లోపించి స్వరము మారినది; వేరొకదానియందు దీర్ఘము పోయి అనునాసికము నిలిచినది. ఒకటి ఇంకొకదాని వికృతి కాదు. కోస్తారూపము ప్రమాణమైనదనుట చారిత్రక సత్యము. అచ్చు యంత్రములు, పత్రికలు, పాఠ్యగ్రంథములు ముందుగా ఆ ప్రాంతమున విస్తరించుట దానికి ముఖ్యకారణము. ఆ రూపమునకు స్వభావసిద్ధమైన శుద్ధత కలదనుట మాత్రము అసత్యము.

మాండలికములను శాస్త్రదృష్టితో గ్రహించు పని మన దేశమున చాలకాలము క్రిందటనే ఆరంభమైనది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటము వ్యవసాయ పదములను మండలములవారీగా నమోదు చేసినది. ఒక్క పనిముట్టునకే ఊరూర వేర్వేరు పేర్లుండుట దోషము కాదని, భాషా సంపద అని ఆ గ్రంథమును తెరచిన ప్రతివానికిని తెలియును. నేడు ఆగస్టు 29న గిడుగువారి జన్మదినమును, సెప్టెంబరు 9న కాళోజీ నారాయణరావుగారి జన్మదినమును భాషా దినోత్సవములుగా రెండు రాష్ట్రములును జరుపుచున్నవి. వ్యవహారమున నున్న పలుకునకు వ్రాతలో స్థానము కావలెనని వాదించినవారే ఇరువురును.

4. ఇతర భారతీయ భాషల అనుభవము

ఈ సమస్య తెలుగునకే ప్రత్యేకము కాదు. గురజాడ అసమ్మతి పత్రము వెలువడిన 1914లోనే వంగదేశమున ప్రమథ చౌధురి ‘సబుజ్ పత్ర’ను స్థాపించి, సాధుభాషకు బదులు చలిత భాషను రచనలో నెలకొల్ప యత్నించెను. చలితరూపములు వ్యాపించినకొలది లేఖనమున వైవిధ్యము పెరుగగా, 1936లో కలకత్తా విశ్వవిద్యాలయము వర్ణక్రమ నియమములను ప్రకటించినది. రేఫము తరువాతి ద్విత్వమును తొలగించుట వానిలో నొకటి. మన భాషలో నియమము లేకయే జరిగినది అక్కడ నియమముచే జరిగినది. ఆ నియమములలో కొన్ని విధులు, కొన్ని వికల్పములు. అన్నింటిని ఒకే కొలతతో కొలువలేదు.

గుజరాతీలో గాంధీజీ ప్రోత్సాహముతో గుజరాత్ విద్యాపీఠము 1929లో జోడణీకోశమును ప్రకటించి లేఖనమున ఏకరూపతను సాధింప యత్నించినది. అది విశేషమైన గౌరవమును పొందినది. ఐనను 1999లో ఊంఝాలో సమావేశమైనవారు హ్రస్వదీర్ఘములైన ఇకార ఉకారములకు ఒక్కొక్క లిపియే చాలునని ప్రతిపాదించిరి. గొప్ప నిఘంటువుచే స్థిరపడిన ప్రమాణము కూడ వ్రాయువారి అంగీకారమును మరల మరల కోరుచుండునని దీనివలన తెలియుచున్నది.

5. దిద్దువారికి కొన్ని నియమములు

పై పరిశీలనమును బట్టి దిద్దువా రనుసరింపదగిన నియమములను నాలుగింటిని సూచింపవచ్చును.

మొదటిది: దిద్దుటకు ముందు ఆ భేదము ఏ వర్గమునకు చెందినదో నిర్ణయించుకొనవలెను. దోషమును తప్పక దిద్దవలెను. దయచేత దానిని విడిచిపెట్టుట వ్రాసినవానికి అపకారమే.

రెండవది: వికల్పమున రూపమును మార్చుటకు మారుగా ఏకరూపతను కోరవలెను. ఒకే వ్యాసమున ఒకచోట వ్రాసెను అనియు, మరియొకచోట రాశాడు అనియు ఉన్నచో, ఏదో ఒకదానిని ఎన్నుకొనుమని రచయితకే చెప్పవలెను. ఎన్నుకొను హక్కు అతనిది.

మూడవది: మాండలిక రూపము సంభాషణమునను, జానపద వాఙ్మయ సేకరణమునను, సాక్ష్య లేఖనమునను ఉన్నప్పుడు దానిని ముట్టరాదు. కన్యాశుల్కమున పాత్రల పలుకులన్నింటిని ఒకే అచ్చున పోసినచో ఆ నాటకమే మిగులదు. శాస్త్రవ్యాసమున ప్రమాణరూపమును కోరవలసి వచ్చినప్పుడు, ఇది ఈ పత్రిక కట్టుబాటు అని చెప్పవలెను గాని, నీ మాట తప్పు అని చెప్పరాదు.

నాలుగవది: దిద్దినవారు కారణమును చెప్పవలెను. కారణము చెప్పలేని దిద్దుబాటు అధికార ప్రదర్శనము మాత్రమే.

ఇది కేవలము మర్యాదకు సంబంధించిన విషయము కాదు. వచ్చిండు అని వ్రాసిన విద్యార్థికి ఎర్రసిరాతో అది అశుద్ధమని చెప్పిన, అతడు ఒక్క క్రియారూపమును మార్చుకొని ఊరకుండడు. తన తల్లి మాటాడునది అశుద్ధమని గ్రహించును. తరువాత అతడు తెలుగున తక్కువగా వ్రాయును, లేదా అసలే వ్రాయడు. మరియొకవంక భాద అని వ్రాసినవానిని ఎవరును దిద్దనిచో అతని వ్రాతకు విలువ తగ్గును. ఆ నష్టమును అతడు ఎరుగడు. అన్నింటిని దిద్దుటవలనను, దేనిని దిద్దకుండుటవలనను కలుగు నష్టము చివరకు ఒక్కటియే: వ్రాయువారి సంఖ్య తగ్గుట.

విశ్వవిద్యాలయములలోని భాషాశాఖలు ఈ విషయమున చేయదగిన పని ఒకటి కలదు. సిద్ధాంత వ్యాసములను పరీక్షించునప్పుడు, పత్రికలకు వచ్చిన రచనలను పరిష్కరించునప్పుడు జరుగు దిద్దుబాట్లను సేకరించి, పై మూడు వర్గములుగా విభజించి, ప్రతి రూపమునకు లభించు లక్ష్యములతో ఒక వికల్పకోశమును సిద్ధపరుపవచ్చును. ఏ రూపము దోషము, ఏది వికల్పము, ఏది ఏ మండలమునకు చెందినది అను నిర్ణయమునకు అది ఆధారమగును. దిద్దువారు తమ అలవాటును ప్రమాణమని భ్రమపడకుండుటకును అది తోడ్పడును.