చార్జర్ పిన్ను వదులైతే ఒంటికి ముప్పెంత?

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో చార్జర్ పిన్ను దూర్చే చోటు వదులైపోయింది. పిన్నును ఒక పక్కకు వంచి పట్టుకుంటేనే చార్జింగ్ ఎక్కుతోంది, ఆ చోటు చురుక్కుమనేంత వేడెక్కుతోంది. లోహపు పైభాగానికి మణికట్టు ఆనితే జివ్వుమంటోంది. ఇది గుండెకు ప్రమాదమా? పిన్ను బాగు చేయిస్తే సరిపోతుందా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఈ రెండు లక్షణాలకు కారణాలు వేరు. గోడ సాకెట్‌లోని 230 వోల్టుల విద్యుత్తును అడాప్టర్ సుమారు 19 లేదా 20 వోల్టులకు తగ్గించి అందిస్తుంది. పొడి చర్మం విద్యుత్తును గట్టిగా నిరోధిస్తుంది కనుక పిన్ను దగ్గరి ఆ కొద్దిపాటి వోల్టేజీ సాధారణంగా షాక్ కొట్టదు. జివ్వుమనడానికి మూలం చాలావరకు అడాప్టర్‌లోనే ఉంటుంది. అందులోని ఒక చిన్న కెపాసిటర్ గుండా అతి స్వల్పమైన కరెంటు లోహపు భాగాలకు చేరుతుంది. దీనిని లీకేజీ కరెంటు అంటారు. ఎర్త్ లేని ప్లగ్గు వాడుతూ, వట్టి కాళ్లతో గచ్చు మీద ఉన్నప్పుడు అది శరీరం గుండా భూమికి పోతుంది. సుమారు అర మిల్లీఆంపియరు దగ్గరే మనిషికి స్పర్శ తెలుస్తుంది. గుండె లయ తప్పే ప్రమాదం పదుల మిల్లీఆంపియర్లు కొద్దిసేపు ప్రవహించినప్పుడు మొదలవుతుంది. కాబట్టి సన్నటి జివ్వుమనే స్పర్శ ఆరోగ్యవంతుల గుండెకు హాని చేయదు. అయితే చేయి విదిలించుకునేంత షాక్ కొడితే లోపలి ఇన్సులేషన్ చెడిందని అనుమానించి, ఆ అడాప్టర్‌ను వెంటనే పక్కన పెట్టాలి.

వదులైన పిన్నుతో వచ్చే అసలు ప్రమాదం కాలిన గాయం. లోహాలు సరిగా ఆనని చోట నిరోధం, అంటే కరెంటు ప్రవాహానికి కలిగే అడ్డంకి, పెరుగుతుంది. 65 వాట్ల అడాప్టర్ పూర్తి భారంతో పనిచేసేటప్పుడు సుమారు 3.3 ఆంపియర్లు ప్రవహిస్తాయి. అర ఓము నిరోధం ఏర్పడినా ఆ చిన్న చోటే అయిదు వాట్లకు పైగా వేడి పుడుతుంది. ప్లాస్టిక్ మెత్తబడటానికి, వేలు బొబ్బలెక్కడానికి అది చాలు.

స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, పిన్ను నల్లబడిందేమో, కరిగిందేమో చూడాలి. అలా ఉంటే మళ్లీ పెట్టరాదు. లేకపోతే అదే వోల్టేజీ గల వేరే అడాప్టర్ పెట్టి చూడవచ్చు. అప్పుడూ వంచితేనే చార్జింగ్ ఎక్కుతుంటే లోపం ల్యాప్‌టాప్ జాక్‌లోనో దాని టంకంలోనో ఉందని భావించాలి. టేపు చుట్టి నెట్టుకురావడం తగదు. జాక్ మార్పిస్తే వేడి తగ్గుతుంది గాని జివ్వుమనడం పోకపోవచ్చు. దానికి ఎలక్ట్రీషియన్‌తో సాకెట్ ఎర్తింగ్ పరీక్షింపజేయడం అవసరం.

వేలు కాలితే 20 నిమిషాలు ధారగా పడే చల్లని నీటి కింద ఉంచాలి; ఐసు, టూత్‌పేస్టు, పసుపు పూయరాదు. బొబ్బ పెద్దదైనా, చర్మం తెల్లబడి స్పర్శ పోయినా వైద్యుడికి చూపించాలి. 230 వోల్టుల షాక్ తగిలాక గుండెదడ, స్పృహ తప్పడం, ఛాతీ నొప్పి ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రిలో ఈసీజీ తీయించాలి.