చేతి గుర్తు చెప్పే చరిత్ర



ధర్మవరం నుండి వచ్చే విద్యార్థి యొకడు ఇటీవల ఒక చిన్న లోహపు బిళ్ల తెచ్చి చూపాడు. వెనుక పిన్ను, ముందు రెండు వేళ్లెత్తిన హస్తం. "సార్, ఇది మా ముత్తాతది. బర్మా యుద్ధానికి పోయినాడంట. ఇంట్లో దీన్ని పాతసామాన్లకు వేస్తామంటున్నారు" అన్నాడు.

హస్త చిహ్నం మన ప్రాంతానికి కొత్త కాదు. ముహర్రంలో హిందూ ముస్లింలు కలసి ఎత్తే పీర్లలో ఐదు వేళ్ల పంజాను చూస్తాము. అది క్రీ.శ. 680 నాటి కర్బలా యుద్ధ స్మృతిని నిలుపుతుంది. అవే ఐదు వేళ్లు చొక్కాకు పెట్టుకొనే బిళ్లపై ఉంటే, అది 1978 తరువాతి కాంగ్రెసు ఎన్నికల గుర్తు కావచ్చు.

రెండు వేళ్ల కథ వేరు. 1941 జనవరి 14న విక్టర్ డి లావలే అనే బెల్జియం నాయకుడు బి.బి.సి. రేడియోలో "వి" అక్షరాన్ని విజయ చిహ్నంగా వాడమని తన దేశ ప్రజలను కోరాడు. ఫ్రెంచిలో విజయానికీ, ఫ్లెమిష్‌లో స్వేచ్ఛకూ అదే మొదటి అక్షరం. ఆ ఏడు జూలైలో చర్చిల్ దానికి ప్రచార మిచ్చాడు. అయితే 1960ల నుండి అమెరికాలో యుద్ధ వ్యతిరేకులు అదే ముద్రను శాంతికి గుర్తుగా వాడారు. ఒకే ముద్ర, రెండు విరుద్ధార్థాలు!

మరి నిర్ణయించుట ఎట్లు? వేళ్లను మాత్రమే గాక, వాటి చుట్టూ ఉన్నదానిని చూడవలెను. మూడు చుక్కలు, ఒక గీత ఉంటే అది తంతి సంకేతంలో "వి" అక్షరం. యుద్ధకాలపు విజయ చిహ్నమనుటకు బలమైన ఆధారం. పావురము, పువ్వు ఉంటే శాంతి ఉద్యమానిది కావచ్చు.

మన విద్యార్థి బిళ్లపై చుక్కలు, గీత ఉన్నాయి. అతని ముఖం వెలిగింది. కాని నేను మరొక మాట చెప్పవలసి వచ్చింది. ఇటువంటి బిళ్లలను ఆ రోజుల్లో సామాన్య ప్రజలు కూడ ధరించారు. ముత్తాత సిపాయి అనుటకు ఇది చాలదు. దానికి సైన్యపు డిశ్చార్జి కాగితమో, బర్మా రణరంగంలో పనిచేసినవారికిచ్చిన ఆరు కోణాల "బర్మా స్టార్" పతకమో కావలెను. అతడిప్పుడు ఇంటి పెట్టెలు వెదకుచున్నాడు. బిళ్ల మాత్రం అమ్ముడు పోలేదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఇండ్లలోని పాత ట్రంకు పెట్టెలను మీరూ తెరవండి. దొరికినదానిని చింతపండుతో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. అది ఎవరిదో పెద్దలనడిగి వ్రాసి ఉంచండి. ఆ చెప్పేవారు పోయిన తరువాత, ఇనుప ముక్కకూ జ్ఞాపికకూ భేదం చెప్పగలవారుండరు.