తారు రోడ్డు వెనుక చదువు

వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే 563వ జాతీయ రహదారి వర్ధన్నపేట మీదుగా పోతుంది. ఇలాంటి రోడ్డు మీద పని జరిగేచోట ఎర్రజెండా పట్టుకుని నిలబడే మనిషిని చూసే ఉంటారు. సుమారు 150 డిగ్రీల వేడి తారు పక్కన, లారీల నడుమ అతని ప్రాణానికి శిక్షణే రక్ష. పని స్థలాల్లో వాహనాల నియంత్రణకు 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన మార్గదర్శకం ఎస్‌పీ 55. పరీక్ష రాసేవారు 55 అనే సంఖ్య మరవద్దు.

నిర్మాణ కార్మికుల శిక్షణకు హైదరాబాద్‌లోని న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) 1998లో ఏర్పడింది. హైవే ఇంజనీర్ల అకాడమీ నోయిడాలో ఉంది, 1983 నాటిది. పరీక్షలో ఈ రెండింటినీ తారుమారు చేసి మార్కు పోగొట్టుకోవద్దు.

పని తెలిసినంత మాత్రాన నేర్పడం రాదు. ఐటీఐ బోధకులకు ఏడాది సీఐటీఎస్ (క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ స్కీమ్) కోర్సు అందుకే. బడికెళ్లకుండానే పని నేర్చిన మేస్త్రీకి ఆర్‌పీఎల్ (ముందే నేర్చిన పనికి గుర్తింపు) కింద పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు.