తలకు దెబ్బ తగిలిన పిదప నిద్రలేమి, తలనొప్పి

తలకు తగిలిన గాయం పైకి మానినంత త్వరగా లోపల మానదు. కుట్లు విప్పి, స్కానింగు చూసి, ఇక భయం లేదని వైద్యులు ఇంటికి పంపుతారు. అసలు కష్టం ఆ తరువాత ఇంటిలో ఆరంభమవుతుంది. రాత్రి నిద్ర పట్టదు, పగలు కునికిపాట్లు వదలవు. తలనొప్పి వేళాపాళా లేకుండా వస్తుంది. వెలుతురు, చప్పుడు, నలుగురి మాటలు సహింపరానివౌతాయి. మనిషి చూడబోతే ఆరోగ్యవంతుని వలెనే ఉండును గనుక ఇంటివారికి ఈ బాధ అంతుపట్టదు. అట్టి కుటుంబాలకు ఉపకరించునని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నేను హైదరాబాదు పాతబస్తీలో గౌలిపురాలో నివసించే తెలుగు ఉపాధ్యాయుణ్ణి. ఒక వర్షాకాలపు సాయంత్రం ఆటో తాకి స్కూటరు మీది నుండి పడ్డాను. మెదడులో కొద్దిపాటి రక్తస్రావం జరిగినదనీ, శస్త్రచికిత్స అవసరం లేదనీ తేల్చి, వైద్యులు వారం తరువాత ఇంటికి పంపారు. మొదటి నెలలో పది నిమిషాలు పుస్తకం చూస్తే కణతలు పగిలిపోతున్నట్లుండేది. తిరిగి తరగతిలో నిలబడి పాఠం చెప్పగలనా, ఉద్యోగం వదులుకోవలసినదేనా అన్న చింత మిగిలిన కాస్త నిద్రను కూడా హరించేది.

నిద్రపోనివ్వవచ్చునా?

తలకు దెబ్బ తగిలినవానిని నిద్రపోనివ్వరాదనే నమ్మకం మన ఇండ్లలో బలంగా ఉన్నది. దీనికి కొంత ఆధారం లేకపోలేదు. మెదడులో రక్తస్రావం పెరిగినచో మనిషి మగతలోకి జారిపోతాడు. దానిని నిద్రగా భ్రమపడే ప్రమాదం కలదు. కనుక ముందుగా వైద్యునికి చూపించవలెను. ఆయన పరీక్షించి ఇంటికి పంపిన పిదప నిద్రను అడ్డగించవలసిన పని లేదు. ఆయన చెప్పిన వేళలకు లేపి, పేరు, ఊరు అడిగి చూసిన చాలును.

చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం గ్రీష్మంలో తప్ప పగటినిద్ర కూడదని చెబుతూనే, అన్ని ఋతువులలోను పగలు నిద్రింపదగినవారిని పేర్కొన్నది. పడినవారు, దెబ్బ తిన్నవారు ఆ పట్టికలో ఉన్నారు. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం శరీరాన్ని నిలబెట్టే మూడు ఉపస్తంభాలని 11వ అధ్యాయం చెప్పినది. దెబ్బ తిన్న మెదడుకు విశ్రాంతి ఎంత అవసరమో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

అయితే విశ్రాంతికి హద్దు కలదు. స్వల్పమైన దెబ్బకు 24 నుండి 48 గంటల విశ్రాంతి చాలుననీ, ఆపైన తేలికపాటి నడకతో మొదలుపెట్టి పనులను మెల్లమెల్లగా పెంచవలెననీ నేటి వైద్యులు చెబుతున్నారు. వారాల తరబడి చీకటి గదిలో పడుకొనుట వలన మేలుకంటె కీడే ఎక్కువ. దెబ్బ పెద్దదైనచో విశ్రాంతి ఎన్ని దినాలన్నది వైద్యుడే నిర్ణయించవలెను.

నిద్రకూ నొప్పికీ గల లంకె

వైద్యుని సలహాపై నేను ఒక నోటుపుస్తకం పెట్టాను. పడుకున్న వేళ, లేచిన వేళ, నొప్పి వచ్చిన వేళ, వేసుకున్న మాత్ర - ఇంతే వ్రాసేవాణ్ణి. మూడు వారాలకే సంగతి తేటపడినది. నిద్ర చెడిన రాత్రికి మరునాడు నొప్పి అధికం. నొప్పి అధికమైన నాడు పగలు పడుకోవడం, అందువలన ఆ రాత్రి మళ్ళీ జాగరణ. ఈ గొలుసును ఎక్కడో ఒకచోట త్రెంచవలెను. నొప్పిని ఆజ్ఞాపించి ఆపలేము గాని, నిద్రవేళలను దిద్దుకొనుట మన చేతిలో ఉన్నది. నిద్రను రప్పించే మెలటోనిన్ అనే పదార్థం మెదడు గాయపడినవారిలో సాయంకాలం తక్కువగా ఊరుతున్నదని 2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించారు. కనుక నిద్ర రాకపోవుట రోగి మొండితనం కాదని ఇంటివారు గుర్తించవలెను.

నిద్రను దారికి తెచ్చుట

1. రాత్రి ఎట్లు గడిచినా ఉదయం ఒకే వేళకు లేవవలెను. నేను 6 గంటలకు లేచి, మేడమీద లేత ఎండలో అరగంట నడిచేవాణ్ణి. ఉదయపు వెలుతురు మెదడులోని గడియారాన్ని సరిచేస్తుంది.

2. తొలి వారాలు గడిచిన పిదప పగటినిద్ర అరగంట మించరాదు. మధ్యాహ్నం 3 గంటల తరువాత అసలే కూడదు.

3. మధ్యాహ్నం తరువాత టీ, కాఫీ మానవలెను. పాతబస్తీలో ఇరానీ చాయ్ మానుట ఎంత కష్టమో నాకు తెలియును. అయినను అందలి కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పట్టును.

4. పడకకు గంట ముందు టీవీ, సెల్‌ఫోను కట్టిపెట్టవలెను. ఇరవై నిమిషాలలో నిద్ర పట్టనిచో లేచి, మసక వెలుతురులో కూర్చుని, కన్ను బరువెక్కిన తరువాతనే మళ్ళీ పడుకోవలెను.

5. చప్పుడు తగ్గించుకోవలెను. రంజాను మాసంలో చార్మినారు పరిసరాలు తెల్లవార్లూ మేలుకొని ఉంటాయి. ఆ నెల మా పడక వీధి గది నుండి వెనుక గదికి మార్చాము. లాల్ దర్వాజా బోనాల రెండు దినాలు నేను వనస్థలిపురంలోని మా చెల్లెలి ఇంట గడిపాను. అమ్మవారికి బోనం మా ఇంటివారు సమర్పించారు.

6. పడుకునే ముందు గోరువెచ్చని గేదెపాలు ఒక గ్లాసు త్రాగవచ్చును. నిద్ర కలిగించువానిలో గేదెపాలు శ్రేష్ఠమని చరకుడు చెప్పినాడు. అరికాళ్ళకు నువ్వులనూనె మర్దన కూడ హాయినిచ్చును.

తలనొప్పి విషయంలో

నొప్పి మాత్రలను లెక్కపెట్టి వాడవలెను. సాధారణ మాత్రలు నెలకు 15 దినాలు, కొన్ని మందులు కలిపిన మాత్రలు 10 దినాలు చొప్పున మూడు నెలలకు పైగా వాడినచో ఆ మాత్రల వలననే తలనొప్పి పుట్టును. వారానికి రెండు దినాలు మించకుండుట మేలు. ఆస్పిరిన్ వంటివి రక్తస్రావాన్ని పెంచగలవు గనుక వైద్యుని అడగనిదే తాకరాదు.

భోజనం వేళ తప్పరాదు. నీరు తగినంత త్రాగవలెను. చదువు, లెక్కలు పదిహేను నిమిషాలు చేసి ఐదు నిమిషాలు ఆగవలెను. శొంఠిని సానపై నీటితో అరగదీసి నుదుట పలుచగా పట్టు వేయుట మన పెద్దల వాడుక. చర్మం మండినచో కడిగివేయవలెను. మెడ పట్టివేసినందున వచ్చే నొప్పి కూడ కలదు గనుక దానిని వైద్యునికి చూపించవలెను. గట్టిగా గురకపెట్టి, ఉదయం తలనొప్పితో లేచేవారు ఆ సంగతి కూడ చెప్పవలెను.

గృహవైద్యంలో జాగ్రత్తలు

మా పొరుగున ఉండే హకీముగారు ఏడు రకాల గింజలతో తీసే రోగన్ లబూబ్ సబా అనే యునానీ తైలాన్ని తెలిపి, "గాయం పూర్తిగా మానేదాకా తలకు వద్దు మాస్టరు గారూ" అని తామే హెచ్చరించారు. ఏ తైలమైనను ఇదే నియమం. ఎముక చిట్లినవారు తల మర్దన, శిరోధార వైద్యుని అనుమతి లేక చేయించుకోరాదు. నస్యం అసలే కూడదు. కపాలం అడుగున బీట ఉన్నచో ముక్కులో వేసిన మందు ప్రమాదకరం.

జాజికాయ గంధం పాలలో కందిగింజంత మించరాదు. అధికమైనచో మతిభ్రమ కలిగించును. నిద్రమాత్రలు, మూర్ఛమందులు వాడేవారు గసగసాలు, జాజికాయ, అశ్వగంధ వంటివి తమంతట తాము కలుపుకోరాదు. సర్పగంధ నిద్ర తెప్పించునని, రక్తపోటు తగ్గించునని 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ వ్రాసిన మాట నిజమే. కాని అది దిగులును పెంచగలదు. తలకు దెబ్బ తగిలినవారికి దిగులు ముందే పొంచి ఉండును గనుక దుకాణంలో కొని వాడరాదు.

ఆలస్యం చేయరాని లక్షణాలు

నొప్పి గంటగంటకు పెరుగుట, పలుమార్లు వాంతులు, లేపినా లేవని మగత, మూర్ఛ, మాట తడబడుట, చేయి కాలు బలహీనపడుట, ముక్కు చెవుల నుండి నీరు వంటి ద్రవం కారుట - వీటిలో ఏది కనబడినను వెంటనే ఆస్పత్రికి తీసుకొనిపోవలెను. వృద్ధులలోను, రక్తం పలుచబడే మందులు వాడేవారిలోను చిన్న దెబ్బకు కూడ కొన్ని వారాల తరువాత ఇవి కనబడవచ్చును.

స్వల్పమైన దెబ్బ తిన్నవారిలో అధికులు కొద్ది వారాలలో, కొన్ని నెలలలో కోలుకుంటారు. పెద్ద గాయమైనచో ఏడాదికి పైగా పట్టవచ్చును. నాలుగవ నెలలో నేను రోజుకు రెండు తరగతులు చెప్పడం మొదలుపెట్టాను. సంక్రాంతి సెలవుల తరువాత పూర్తి బడి. నొప్పి ఇప్పటికీ నెలకు ఒకటి రెండు మార్లు పలకరిస్తుంది. ఆ దినం నోటుపుస్తకం తెరిచి చూస్తే, అంతకు ముందు రాత్రి గడియలలో కారణం తరచు దొరుకుతుంది.