కార్డు కంటే ముందు కెమెరా చూడు

పత్తికొండ

చిరంజీవి తమ్మునికి,

  

ఆదోనిలో పెళ్లి వీడియోల మిక్సింగ్ షాపు పెడుతున్నావని విని చాలా సంతోషమైంది. గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఆగిపోయినావని చెప్పినావు. పాత జీటీఎక్స్ 1060 తక్కువకు వస్తుంది, కొత్త ఆర్‌టీఎక్స్ 5060 బడ్జెట్ దాటుతుంది, మధ్యలో ఎవరో వాడిన 3060 ఒకటుంది, ఏది తీసుకోమంటావన్నా అని అడిగినావు. ఇవన్నీ ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నా, దాచిపెట్టుకో.

ముందు ఈ మూడు ఎన్‌విడియా కార్డుల సంగతి. 1060 వచ్చింది 2016 జులైలో, 3060 వచ్చింది 2021 ఫిబ్రవరిలో, 5060 వచ్చింది 2025 మేలో. 1060లో 1,280 కోర్లు, 5060లో 3,840. అంటే మూడింతల పని అనుకోవద్దు. తరం మారితే కోరు తయారీ కూడా మారుతుంది, లెక్క ఒకదానికొకటి పొసగదు. మెమరీ వేగంలో మాత్రం తేడా సూటిగా కనపడుతుంది. 1060కి సెకనుకు 192 గిగాబైట్లు, 3060కి 360, 5060కి 448. పాతదానిలో జీడీడీఆర్5 మెమరీ, కొత్తదానిలో జీడీడీఆర్7. అయితే పరిమాణం చూస్తే మధ్యదే పెద్దది. 3060లో 12 జీబీ ఉంటే కొత్త 5060లో 8 జీబీయే. కొత్తదంటే అన్నిట్లో ఎక్కువని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు.

ఈ లెక్కలన్నీ ఆటలాడేవాళ్లకు చాలు. పెళ్లి వీడియో చేసే మనకు అసలు ప్రశ్న వేరే ఉంది. నీ కెమెరా ఏం రికార్డు చేస్తుంది?

సోనీ ఏ7 మార్క్ 3 మన పక్క చాలామంది పట్టుకున్నారు. 2018లో వచ్చిన ఆ కెమెరా లోపల 8 బిట్, 4:2:0 వీడియో రాస్తుంది. 2021లో వచ్చిన మార్క్ 4 అయితే 10 బిట్, 4:2:2 రాయగలదు. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు, 10 బిట్‌లో 1,024. మండపంలో ఎల్‌ఈడీ లైట్ల వెలుతురు గోడ మీద గీతలు గీతలుగా విరిగిపోకుండా, పెళ్లికూతురి పట్టుచీర ఎరుపు కలర్ గ్రేడింగ్‌లో చెడకుండా ఉండేది ఈ ఎక్కువ మెట్ల వల్లనే. ఇక 4:2:2 అంటే రంగు వివరం 4:2:0 కంటే రెట్టింపు ఉంటుంది. బొమ్మ బాగుంటుంది, ఫైలు మాత్రం బరువు.

చిక్కు ఇక్కడే ఉంది. హెచ్ 265 ఫార్మాట్‌లో ఉన్న 4:2:2 ఫైలును విప్పే పని ఎన్‌విడియా కార్డులు 50 సిరీస్ వచ్చేదాకా చేయలేదు. 1060 చేయదు, 3060 చేయదు, 40 సిరీస్‌లో పెద్ద కార్డు పెట్టినా చేయదు. ఆ బరువంతా ప్రాసెసర్ మీద పడి టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తుంది. అది చూసి కార్డు చెడిపోయిందని చాలామంది షాపులు మారుస్తారు. కార్డు బాగానే ఉంటుంది, ఆ పని దానికి రాదు, అంతే. 5060కి వచ్చు.

ఇంకో దారి కూడా ఉంది, ఖర్చు లేనిది. ఇంటెల్ 11వ తరం నుంచి డెస్క్‌టాప్ ప్రాసెసర్‌లో ఉండే సొంత గ్రాఫిక్స్ ఈ 4:2:2 ఫైళ్లను విప్పగలదు, ఎడిటింగ్ చేసే ప్రీమియర్ సాఫ్ట్‌వేర్ దాన్ని వాడుకుంటుంది. కాబట్టి ప్రాసెసర్ కొనేటప్పుడు పేరు చివర ఎఫ్ ఉన్నది తీసుకోవద్దు. ఐ5 12400లో ఆ గ్రాఫిక్స్ ఉంటుంది, 12400ఎఫ్‌లో ఉండదు. తేడా ఉన్నా కొంచెమే, ఎఫ్ లేనిదే కొను.

1060 వద్దని నేను గట్టిగా చెప్పేది ఇంకో కారణానికి. దాని తరం కార్డులకు ఎన్‌విడియా 2025 అక్టోబరుతో మామూలు కొత్త డ్రైవర్లు ఆపేసింది. 2028 అక్టోబరు దాకా భద్రతకు సంబంధించినవి మాత్రమే ఇస్తానంది. సాఫ్ట్‌వేర్ ఏటేటా మారుతుంది. కొత్త షాపుకు డ్రైవర్ రాని కార్డు ఎందుకు? ఇంట్లో ఉన్నదైతే ఆల్బమ్ డిజైనింగ్ సిస్టమ్‌కు పెట్టుకో అనేవాణ్ణి, డబ్బిచ్చి కొనమని మాత్రం చెప్పను.

వాడిన 3060 తీసుకుంటే జాగ్రత్తగా చూసి తీసుకో. గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఎథీరియం క్రిప్టో మైనింగ్ 2022 సెప్టెంబరు 15న ఆగిపోయింది. అంతవరకు రాత్రింబగళ్లు నడిచిన కార్డులు ఆ తర్వాత సెకండ్ హ్యాండ్‌లోకి వచ్చినాయి. అన్నీ చెడ్డవని కాదు గానీ బిల్లు, వారంటీ కార్డు లేకుండా ముట్టుకోవద్దు. పేరు ఒకటే ఉండి లోపల సరుకు వేరేగా ఉండేవీ ఉన్నాయి. 3060లోనే 8 జీబీది ఒకటుంది, దాని మెమరీ దారి 192 బిట్లు కాదు, 128. 1060లో 3 జీబీదానికి కోర్లే తక్కువ. ఇవి కంపెనీ అమ్మినవే. ఇవి కాక, ఎన్నడో వచ్చిన పాత కార్డుకు బయోస్ మార్చి కొత్త పేరు పెట్టి అమ్మే దొంగ సరుకు వేరే ఉంది. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం ఒకటుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకొని పో, అమ్మేవాని సిస్టమ్‌లోనే తెరువు. ఇట్లాంటి నకిలీ కార్డుల పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. తర్వాత అరగంట సేపు ఒక వీడియో రెండర్ పెట్టి, ఫ్యాన్ చప్పుడు, వేడి దగ్గరుండి చూడు. అంతసేపు ఆగలేనన్నవాని దగ్గర కొనొద్దు.

మన ఊళ్ల ఎండ సంగతి నీకు తెలుసు. ముహూర్తాలు వరసగా ఉండే ఏప్రిల్, మే నెలల్లోనే రేకుల గదిలో రెండరింగ్ పడుతుంది. వేడి హద్దు దాటితే కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కొత్త కార్డు కొని మూసిన క్యాబినెట్‌లో పెడితే ఇచ్చిన డబ్బంతా దండగ. క్యాబినెట్‌కు ముందు వెనక ఫ్యాన్లు పెట్టించు, నెలకొకసారి దుమ్ము దులుపు. ఎస్‌ఎంపీఎస్ 550 వాట్లది, పేరున్న కంపెనీది తీసుకో. 5060 తినేది 145 వాట్లు, 3060 తినేది 170. కరెంటు వచ్చిపోయే మన పక్క మంచి యూపీఎస్ లేకుండా ఈ రెండిట్లో ఏదీ పెట్టొద్దు.

నా మాట ఇది. నీ కెమెరా 8 బిట్ 4:2:0దైతే, బిల్లున్న 12 జీబీ 3060 నీకు సరిపోతుంది. నాయిస్ తీసే ఎఫెక్టులకు, 4కే టైమ్‌లైన్‌కు ఆ 12 జీబీ అక్కరకొస్తుంది, మిగిలిన డబ్బుతో యూపీఎస్ కొను. కెమెరా 10 బిట్ 4:2:2దైతే, లేదా ఈ ఏడాదిలోపు అట్లాంటిది కొనే ఆలోచన ఉంటే, ఇంకో నెల ఆగి 5060 తీసుకో. అప్పు చేసి మాత్రం వద్దు. డబ్బు చాలకపోతే ఎఫ్ లేని ప్రాసెసర్‌తో ముందు షాపు తెరువు, కార్డు సీజన్ అయినాక చూద్దాం.

అడ్వాన్సు ఇవ్వకముందే నీ కెమెరా ఫైలు ఒకటి మీడియాఇన్ఫో అనే ప్రోగ్రాంలో తెరిచి, క్రోమా సబ్‌శాంప్లింగ్ అన్నచోట ఏముందో నాకు ఫోటో తీసి పంపు. అది చూసినాక ఏది కొనాలో చెప్తా.

ఇట్లు,
నీ అన్న