నరం అంటే ఏమిటి? – మన నాడీ వ్యవస్థ: నిర్మాణం, పనితీరు

మన వాడుకలో 'నరం' అన్న మాట చాలా చోట్ల వాడతాం. సూది వేసేటప్పుడు నర్సు 'నరం దొరకడం లేదు' అంటుంది. కాలు పట్టేస్తే 'నరం మీద నరం ఎక్కింది' అంటాం. హకీం గారు మణికట్టు పట్టుకుని 'నాడి' చూస్తారు. నిజానికి మొదటిది చెడు రక్తాన్ని గుండెకు చేర్చే సిర. రెండోది కండరం. మూడోది గుండె నుంచి రక్తం తెచ్చే ధమని. ఈ మూడింటిలో ఏదీ అసలు నరం కాదు.

అసలు నరం రక్తాన్ని మోయదు, కబురు మోస్తుంది. శరీరంలో జరిగేది మెదడుకు చెబుతుంది, మెదడు ఇచ్చిన ఆజ్ఞను శరీరానికి చేరుస్తుంది. ఈ తేడా తెలియక, నరానికి నిజంగా జబ్బు చేసినప్పుడు నూనె మర్దనతోనో నాటు మందుతోనో విలువైన గంటలు పోగొట్టుకుంటున్నాం. కనుక ముందు నాడీ వ్యవస్థ ఎలా ఉంటుందో, తరువాత అది దెబ్బతింటే ఏం చేయాలో తెలుసుకుందాం.

నాడీకణం

ఇల్లు ఇటుకలతో కట్టినట్టు నాడీ వ్యవస్థ నాడీకణాలతో కట్టబడింది. మనిషి మెదడులో ఇవి సుమారు 8,600 కోట్లు. ప్రతి కణానికి మూడు భాగాలు ఉంటాయి. మధ్యలో కణదేహం. దాని చుట్టూ చెట్టు కొమ్మల్లాంటి డెండ్రైట్లు. ఇవి కబురు అందుకుంటాయి. ఒక పొడవైన తీగ ఆక్సాన్; ఇది కబురును ముందుకు పంపుతుంది. నడుము దగ్గర నుంచి కాలివేలి దాకా సాగే ఆక్సాన్ దాదాపు మీటరు పొడవు ఉంటుంది.

కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు చాలా ఆక్సాన్ల మీద మయలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. మందమైన తొడుగు ఉన్న నాడుల్లో కబురు సెకనుకు 120 మీటర్ల వేగం దాకా అందుకుంటుంది. ఒక కణానికీ ఇంకో కణానికీ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. దాన్ని నాడీసంధి అంటారు. చాలా చోట్ల విద్యుత్ కబురు ఇక్కడ రసాయనంగా మారి అవతలి ఒడ్డు చేరుతుంది.

ఈ పనికి చాలా శక్తి కావాలి. కణాలు ఖర్చు పెట్టుకునే శక్తి పదార్థం ఏటీపీ. 1895లో భీమవరంలో పుట్టిన మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఏటీపీని లోకానికి తెలియజేసిన వారిలో ఒకరు. మెదడు బరువు మన ఒంటి బరువులో నూటికి రెండు వంతులే, కానీ మనం వాడుకునే ప్రాణవాయువులో ఐదో వంతు దానికే పోతుంది. పైగా దానికి నిల్వ చేసుకునే గిడ్డంగి లేదు. రక్తం పూర్తిగా ఆగితే కొద్ది నిమిషాల్లోనే కణాలు చనిపోవడం మొదలవుతుంది.

వ్యవస్థలోని భాగాలు

1. కేంద్ర నాడీ వ్యవస్థ: మెదడు, వెన్నుపాము. ఆలోచన, జ్ఞాపకం, మాట, కదలిక మస్తిష్కం పనులు. తూలకుండా నడిపించేది అనుమస్తిష్కం. శ్వాసను, గుండె వేగాన్ని అదుపులో ఉంచేది మజ్జాముఖం. మెదడును పుర్రె, వెన్నుపామును వెన్నెముక కాపాడతాయి.

2. పరిధీయ నాడీ వ్యవస్థ: మెదడు నుంచి 12 జతల కపాల నాడులు, వెన్నుపాము నుంచి 31 జతల వెన్ను నాడులు బయలుదేరతాయి. కబురు తెచ్చేవి జ్ఞాన నాడులు, ఆజ్ఞ మోసుకెళ్ళేవి చాలక నాడులు. చాలా నాడుల్లో రెండు రకాల తీగలూ ఉంటాయి.

3. స్వయంచోదిత నాడీ వ్యవస్థ: ఇది పరిధీయ వ్యవస్థలోదే. మనం తలచుకోకుండానే గుండె, పేగులు, చెమట గ్రంథుల పని చూసుకుంటుంది. కుక్క మీదికి వస్తే గుండె దడదడలాడించేది ఇదే, అన్నం తిని కూర్చుంటే నెమ్మదింపజేసేదీ ఇదే.

వేడి బిర్యానీ డేక్సాకు వేలు తగిలితే 'కాలింది' అని తెలిసేలోపే చెయ్యి వెనక్కి వస్తుంది. చర్మం నుంచి వచ్చిన కబురుకు వెన్నుపామే జవాబిచ్చి, మెదడుకు తరువాత తెలియజేస్తుంది. దీనినే ప్రతీకార చర్య అంటారు.

ఒక ముఖ్య విషయం. చేతిలోనో కాలిలోనో నాడి తెగితే, సరిగా కుట్టిస్తే, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరగవచ్చు. మెదడు, వెన్నుపాములలో తెగిన తీగలు అలా పెరగవు. అందుకే అక్కడ ప్రతి నిమిషమూ లెక్కే.

కబురు ఆగిపోయే నాలుగు వేళలు

పక్షవాతం: మెదడుకు రక్తం తెచ్చే నాళం మూసుకుపోతే లేదా చిట్లితే వస్తుంది. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని అంచనా. ఎడమ మెదడు కుడి పక్కను నడిపిస్తుంది కనుక లక్షణాలు తరచు ఒక పక్కనే కనబడతాయి. మూతి వంకర, చెయ్యి వాలిపోవడం, మాట తడబడడం – ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా వచ్చినా 108కి ఫోను చేయండి. నోట్లో నీళ్ళు, మందు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనిషి చివరిసారి ఎప్పుడు బాగున్నాడో ఆ టైము గుర్తుంచుకోండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే, అదీ సీటీ స్కాన్ తీసిన తరువాతే ఇస్తారు. తడ నుంచి తిరుపతి స్విమ్స్‌కు గానీ చెన్నై పెద్దాసుపత్రులకు గానీ దారికే గంటకు పైగా పడుతుంది. 'తెల్లారనీ చూద్దాం' అంటే ఆ అవకాశం పోతుంది. బీపీ, షుగరు ఉన్నవారు రంజాన్ నెలలో మాత్రలు తమంతట మానేయకూడదు. నెల ముందే డాక్టరును అడిగి, సహరీ, ఇఫ్తార్ వేళలకు మార్పించుకోవాలి.

దెబ్బ: మన ఊరి పక్కనే 16వ నంబరు జాతీయ రహదారి. శ్రీసిటీ షిఫ్టులకు వెళ్ళే పిల్లలు ఎందరో బైకుల మీదే తిరుగుతారు. పుర్రె గట్టిదే, కానీ లోపలి మెదడు మెత్తనిది. గడ్డం కింద పట్టీ బిగించని హెల్మెట్ పెట్టుకోనట్టే. పడినవారిని తలా ఒక చెయ్యి పట్టుకుని మడిచి ఎత్తకండి. మెడ ఎముక విరిగి ఉంటే వెన్నుపాము తెగిపోవచ్చు. అంబులెన్సు వచ్చేదాకా తల, మెడ కదలకుండా పట్టుకోండి. పోలీసు కేసు భయం వద్దు. మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షను మంచి మనసుతో సాయం చేసినవారికి రక్షణ ఇస్తోంది.

పాముకాటు: పులికాట్ ఒడ్డున, వరి పొలాల్లో ఇది కొత్త కాదు. నాగుపాము విషం నాడీ కబురును కండరం అందుకునే చోటును మూసేస్తుంది. కట్లపాము విషం నాడి చివరలనే పాడుచేస్తుంది. రాత్రి నేల మీద పడుకున్నవారిని కట్లపాము కరిస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు. రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, చివరికి శ్వాస కండరాలు ఆగుతాయి. విరుగుడు ఇంజెక్షన్ రక్తంలోని విషాన్ని అణచగలదు గానీ, పాడైన నాడి చివరలను బాగుచేయలేదు. అందుకే కట్టు, కోత, మంత్రం వద్దు; నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్ళాలి.

స్పర్శ పోవడం: ఇది నెమ్మదిగా వచ్చే ప్రమాదం. షుగరు వ్యాధిలో పాదాలు మొద్దుబారి, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండు పడి కాలు తీసేదాకా వస్తుంది. రోజూ పడుకునే ముందు అరికాళ్ళు చూసుకోవాలి. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనబడితే కుష్ఠు కావచ్చు. అది శాపం కాదు. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొన్న సూక్ష్మజీవి నాడుల్లో చేరడమే కారణం. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆరు నెలలో, పన్నెండు నెలలో మందు ఉచితంగా ఇస్తారు, నయమవుతుంది. వేళ్ళు వంకర పోయేది సిగ్గుపడి దాచినందువల్లే. అలాంటి వారిని దూరం పెట్టకుండా ఆసుపత్రికి తోడు వెళ్ళడం ఎంతో పుణ్యం.

నొప్పి, మంట, తిమ్మిరి నాడులు పంపే కబుర్లు. ఉన్నట్టుండి కబురు రాకపోవడం అంతకంటే పెద్ద కబురు. దాన్ని వెంటనే వినాలి.

విద్యార్థులకు ప్రశ్నలు

1. సిర, ధమని, నాడి – మూడింటి తేడా ఏమిటి?
2. కాలిన చెయ్యిని వెనక్కి తీసే ఆజ్ఞ ఎక్కడి నుంచి వస్తుంది?
3. కుడి చెయ్యి పడిపోతే మెదడులో ఏ పక్క దెబ్బతిని ఉండవచ్చు?
4. మీ ఇంటి నుంచి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది? ఇంట్లో పెద్దలను అడిగి రాసుకోండి.